మా అమ్మి అప్పజెప్పిన కుక్క

కుక్కకి తిండి పెట్టడం కూడా ఒక పనేనా అనుకున్నాను. అలా అనుకున్న పాపానికి ఎన్ని తిప్పలు పడ్డానో చెబుతాను.

నేను రైల్వేలో కీమాన్‌ని. ఒడిశాలో కొరాపుట్ – రాయగడ లైన్లో కకిరిగుమ్మ దగ్గర నా బీటు. పొద్దున్నే సుత్తి, స్పానరు, ఎర్రజెండాలు భుజాన వేసుకుని నాకు అప్పగించిన కిలోమీటర్లన్నీ నడుస్తాను. పట్టాని పట్టి ఉంచే ఇనప కీలు వదులైతే బిగిస్తాను, పట్టా ఎక్కడైనా చిట్లిందేమో చూస్తాను. వెళ్ళేటప్పుడు ఒక పట్టా, తిరిగి వచ్చేటప్పుడు రెండో పట్టా. సాయంత్రం డైరీలో రాసి సంతకం పెడతాను. నడవకుండా అంతా బాగుందని రాసేవాడంటే నాకు ఒళ్ళు మంట. అలాంటి ఇద్దరి మీద చెయ్యి చేసుకునేదాకా వెళ్ళాను కూడా.

నా భార్యకి రాయగడ మునిసిపాలిటీలో ఉద్యోగం, మా అమ్మాయి చదువూ అక్కడే. వాళ్ళిద్దరూ రాయగడలో అద్దె ఇంట్లో, నేను కకిరిగుమ్మ క్వార్టర్లో. వారానికి ఒకరోజు రెస్టు. ఆ రోజు ప్యాసింజరెక్కి ఇంటికి వస్తాను, తింటాను, పడుకుంటాను, మళ్ళీ ప్యాసింజరెక్కుతాను. నాలుగేళ్ళుగా ఇదే వరస. ఈ ఏడాది చలి తగ్గుతున్న రోజుల్లో ఒక తూము దగ్గర గట్టు దిగుతూ కంకర మీద జారి చీలమండ విరగ్గొట్టుకున్నాను. డాక్టరు పిండికట్టు వేసి, కాలు కింద పెట్టావంటే ఊరుకోనన్నాడు. అలా మా అమ్మాయి పుట్టాక మొదటిసారి వారాల తరబడి ఇంట్లో ఉండిపోయాను.

ఆ పిల్లకి పన్నెండేళ్ళు. ఇంటికొచ్చిన చుట్టానికి ఇచ్చినట్టు నాకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చేది. గ్లాసు అందుకోగానే తన గదిలోకి వెళ్ళిపోయేది. ఏం చదువుతున్నావంటే చెప్పేది, అడక్కపోతే ఏమీ చెప్పేది కాదు. నాతో తనంతట తానుగా మాట్లాడింది ఒక్క కుక్క గురించే.

అది ఆటలో కుక్క. కొరాపుట్ వైపు ఫ్యాక్టరీ టౌన్‌షిప్‌లో టెక్నీషియన్‌గా ఉన్న మా బావమరిది తన పాత లాప్‌టాప్‌నీ, రెండు చేతులతో పట్టుకుని బొటనవేళ్ళతో నొక్కే ఒక మీటల డబ్బానీ మేనకోడలికి ఇచ్చేశాడు. అందులో ఒక ఆట ఉంది. కొండల దేశంలో ఒంటరిగా నడిచే ఒక పిల్ల, ఆ పిల్ల చేతిలో కర్ర, వెంట మట్టిరంగు కుక్క. మాటలు లేవు, మార్కులు లేవు. నడవాలి, బతకాలి. ఆ కుక్కకి మా అమ్మాయి ఒక పేరు పెట్టింది. ఆ పేరు వాళ్ళిద్దరి మధ్య సంగతి, నేను రాయను.

"మొదట్లో ఇది ఇరవై అడుగులు ఎనకాల నడిసేది నాన్న," అని చెప్పింది మంచం అంచున కూర్చుని. "నాను కొట్టలేదు, అరవలేదు, ఒగ్గీసి ఎల్లలేదు. అలా అలా దగ్గరికొచ్చింది. ఇప్పుడు సూడు, ముందు నడుస్తాది. నడిసి నడిసి ఎనక్కి తిరిగి నన్ను సూస్తాది."

"ఎన్నాళ్ళు పట్టింది?"

"ఆరు నెల్లు."

ఆరునెలలు ఒక బొమ్మకుక్క కోసమా అని నోటిదాకా వచ్చింది. ఆపుకున్నాను. అది తలతిప్పి చూసినప్పుడు మా పిల్ల ముఖం ఎలా వెలిగిందో చూశాను కాబట్టి ఆపుకున్నాను.

ఇంతలో ఏడాది పరీక్షలు వచ్చాయి. చివరి పరీక్ష అయ్యేదాకా లాప్‌టాప్ ముట్టడానికి వీల్లేదని వాళ్ళమ్మ ఆర్డరు వేసింది. మునిసిపాలిటీ ఆర్డరు రద్దవొచ్చేమో గాని మా ఆవిడ ఆర్డరు రద్దవదు. ఆటలో ఆ కుక్కకి రోజూ తిండి పెట్టకపోతే చిక్కిపోతుందట. మా అమ్మాయి ఆలోచించి ఆలోచించి, ఆ మీటల డబ్బాని రెండు చేతులతో తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"తొమ్మిది రోజులు నాన్న. రోజుకోపాలి తిండెట్టు, సాలు. ఎక్కడికీ తీసికెల్లకు."

"కుక్కకి తిండెట్టడం నాకు నేర్పుతావేటి అమ్మీ?"

"తీసికెల్లనని సెప్పు."

"తీసికెల్లనులే."

రెండు రోజులు బుద్ధిగానే పెట్టాను. ఒక మీట నొక్కితే ఆటలో పిల్ల గొంతుక్కూర్చుని చెయ్యి చాపుతుంది. కుక్క వచ్చి తింటుంది. తిన్నాక తల ఆ పిల్ల మోకాలి మీద ఆనించి కళ్ళు మూసుకుంటుంది. రెండోరోజు ఆ తలని అలాగే చాలాసేపు ఉంచనిచ్చాను. నాకేమిటో బాగుంది.

మూడోరోజు తల్లీకూతుళ్ళు వెళ్ళిపోయాక ఇల్లు బోసిపోయింది. రోజూ మైళ్ళు నడిచేవాణ్ణి, మంచానికి అంటుకుపోయి కూర్చున్నాను. నాలుగడుగులు తిప్పి తెస్తే ఏమవుతుందనిపించింది. తిప్పాను. కుక్క ముందు, మేం వెనక. గుట్ట ఎక్కాం, లోయ అంచున నడిచాం. దూరంగా ఒక కొయ్య వంతెన కనిపించింది. వంతెన కనిపిస్తే కీమాన్ కాళ్ళు ఆగవు. దాని చెక్కలు ఎలా ఉన్నాయో చూసి వచ్చేద్దామనుకున్నాను.

వంతెన దాటాక దారి రెండు కొండల నడుమ సన్నటి కోతలోంచి పోతుంది. ఆ కోతలోకి అడుగుపెట్టకముందే, లోయ అంచున, కుక్క ఠక్కున ఆగింది. చెవులు నిక్కబొడిచి గట్టిగా మొరిగింది.

ఇక్కడ మా పని పద్ధతి ఒకటి చెప్పాలి. కీమాన్ కాకముందు నేను పన్నెండేళ్ళు గ్యాంగులో చేశాను. గ్యాంగు పట్టాల మీద పని చేస్తున్నప్పుడు ఒక మనిషి ఏ పనీ ముట్టుకోడు. నోట్లో ఈల పెట్టుకుని రెండు వైపులా చూస్తూ నిలబడతాడు, అంతే. అతను ఈల వేస్తే మేం తలెత్తం, ఎందుకని అడగం. చేతిలోది పట్టుకుని పట్టాల పక్కకి దిగిపోతాం. అతని మీద నమ్మకంతోనే బండి వచ్చే వైపు వీపు పెట్టి వంగి పని చేస్తాం. పన్నెండేళ్ళు నా వీపుని ఇంకొకడికి అప్పజెప్పి బతికాను. ఆ అలవాటు బొటనవేళ్ళలోకి కూడా దిగిపోయింది.

కుక్క మొరగగానే నా వేళ్ళు ఆ పిల్లని దారి పక్కకి దూకించేశాయి. పక్కన మా లైను పక్కన ఉన్నట్టు గట్టు లేదు, లోయ ఉంది. పిల్ల జారుకుంటూ వెళ్ళి ఏట్లో పడింది. పైన రాళ్ళు దొర్లాయి. కుక్క పరిగెత్తుకొచ్చి, నేను దూకిన అంచున ఆగి, కిందికి చూసింది. అంతవరకే నాకు కనబడింది. ఏరు పిల్లని ఈడ్చుకుపోయి ఎక్కడో వేరే లోయలో ఒడ్డుకి వేసింది. తెర మూలన చిన్న గుర్తు వెలిగి ఆరింది. అంటే ఆట ఇక్కడిదాకా జరిగిందంతా రాసుకుంది. ఈ ఆటలో రాసుకున్నది చెరగదని మా అమ్మాయి ముందే చెప్పింది.

పిల్ల తడిసి నిలబడి ఉంది. కుక్కని పిలిచే ఈలమీట నొక్కాను. మళ్ళీ నొక్కాను. ఏదీ రాలేదు.

సాయంత్రం మా అమ్మాయి బడినుంచి వచ్చి, చెప్పులు విప్పుతూనే అడిగింది. "తిండెట్టేవా నాన్న?"

"ఎట్టేను."

"తిన్నాదా?"

"తిన్నాది. బాగానే ఉంది."

లెక్కల పరీక్ష రేపనగా ఆ పిల్లని ఏడిపించడం ఎందుకని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నిజం వేరు. నాకు భయం వేసింది. ఎదురుగా ఎక్స్‌ప్రెస్ వస్తున్నా కాలు వణకని మనిషిని, పన్నెండేళ్ళ పిల్ల ముఖం చూడలేక గోడ చూశాను.

మర్నాడే మా బావమరిదికి ఫోన్ చేసి సంగతి చెప్పాను. వాడు నవ్వాడు.

"బావా, దీనికింత గోలేటి? ఇంటర్నెట్లో ఎవడో ఒకడు తను ఆడిన ఆటంతా పెట్టుంటాడు. అది దింపి ఎక్కించెస్తాను. కుక్క ఉంటాది, పెద్దదే ఉంటాది. మన పిల్లకి తెలీనే తెలీదు."

"అది ఎవడో పెంచుకున్న కుక్క కదేటి?"

"కుక్క కుక్కే కదా బావా."

"నీకు రెండు ముక్కలు సెప్తాను, ఇను. దాని కుక్కనే తేవాలి. దారి నేనే సూసుకుంటాను," అని పెట్టేశాను. కోపం వాడి మీద కాదు, ఒక్క క్షణం సరేనందామనుకున్నందుకు నా మీద.

తీసిపెట్టిన పాత క్యాలెండరు కాగితం ఒకటి తెప్పించుకుని వెనకవైపు గీతలు గీశాను. ఆ కొండలదేశం మొత్తాన్ని కిలోమీటర్లుగా కోశాను. చెట్టుకి, బండకి, పాడుబడిన గుడిసెకి నంబర్లు వేశాను. రోజుకి ఇన్నని బీటు. వెళ్ళేటప్పుడు దారికి ఎడమ పక్క చూస్తాను, వచ్చేటప్పుడు కుడి పక్క. ప్రతి నంబరు దగ్గరా ఆగి ఈల, విని, ముందుకి. చూసిన చోట టిక్కు.

కుక్క లేని నడక ఎలాంటిదో అప్పుడు తెలిసింది. అంతకుముందు అది ఆగితే ఆగేవాళ్ళం, చెవి తిప్పితే అటు చూసేవాళ్ళం. ఇప్పుడు తోడేళ్ళు మీదికొచ్చేదాకా తెలియదు. గడ్డి కింద గుంట ఉందో లేదో తెలియదు. పిల్ల పడుతుంది, కుంటుతూ లేస్తుంది, దెబ్బ గట్టిదైతే ఆట వెనకటి గుడిసె దగ్గరికి పంపేస్తుంది. మళ్ళీ మొదటినుంచి ఆ బీటు. బొటనవేళ్ళు బొబ్బలెక్కాయి. పిండికట్టు లోపల కాలు దురద, బయట ఎండ, మధ్యాహ్నం కరెంటు పోతే లాప్‌టాప్ ఆరిపోతుందని ఇంకో బెంగ. ఒకరోజు ఏడుసార్లు ఒకే వాగు దాటాను. మానెయ్యాలని ఒక్కసారి కూడా అనిపించలేదు. నా చేతుల్లో పెట్టింది పోగొట్టుకున్నాను, తెస్తాను. ఇంక వేరే ఆలోచన లేదు.

మా ఆవిడ కనిపెట్టేసింది. అన్నం పెడుతూ క్యాలెండరు కాగితం తీసి చూసింది.

"ఏటిది, ఇంట్లో కూడా డూటీ సేస్తన్నారా?"

చెప్పేశాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"ఆ కుక్కతో అది ఎన్ని కబుర్లు సెప్పుకుంటాదో మీకు తెలీదు. బల్లో ఎవులేటన్నారో, జొరమొస్తే ఎలాగున్నాదో, అన్నీ దానికే. నేను వంటింట్లోంచి ఇంటాను." కూర వడ్డించి, "పరీక్షలయ్యేక మీరే సెప్పండి. నేను సెప్పను," అంది.

రోజూ సాయంత్రం అదే ప్రశ్న, అదే జవాబు. తిన్నాది, బాగుంది. నడవకుండా రాసేవాళ్ళని నేను తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చేవి.

ఎనిమిదోరోజుకి కాగితం నిండా టిక్కులు పడ్డాయి. కుక్క దొరకలేదు. ఒక్క చోటు మిగిలింది. ఆ వంతెన, దాని అవతలి కోత. అక్కడికి వెళ్ళాలంటే పైదారిన రాళ్ళు దొర్లే చోట్లన్నీ దాటాలి, హెచ్చరించే కుక్క లేకుండా. రెండుసార్లు బయలుదేరాను, రెండుసార్లూ పిల్ల పడింది. అయినా అక్కడెందుకుంటుంది, అక్కడ నేను లేను కదా అనుకున్నాను. ప్రాణమున్న కుక్కెక్కడైనా మనిషిని వెతుక్కుంటూ కిందికి వస్తుంది. అలా అనుకుని ఆ నంబరు పక్కన కూడా టిక్కు పెట్టేశాను.

తొమ్మిదోరోజు మధ్యాహ్నం ఆఖరి పరీక్ష రాసి మా అమ్మాయి ఎగురుకుంటూ వచ్చింది. అట్ట, పెన్నూ మంచం మీద పడేసి లాప్‌టాప్ ముందు కూర్చోబోయింది.

"అమ్మీ, తెరవకు. ముందు నామాట ఇను," అన్నాను.

చెప్పాను. మూడోరోజు నుంచి జరిగిందంతా చెప్పాను. తిన్నాదని ఆరు రోజులు అబద్ధమాడానని కూడా చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను, అరుస్తుందనుకున్నాను. అలా చేస్తే నాకు తేలికగా ఉండేది. ఆ పిల్ల ముఖం మళ్ళీ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చేటప్పటి ముఖంలా అయిపోయింది. క్యాలెండరు కాగితం చేతికి తీసుకుని నంబర్లన్నీ మెల్లగా చదివింది. వేలు వంతెన దగ్గర ఆగింది.

"ఇక్కడికి ఎల్లేవా?"

టిక్కు ఉంది కదా అనొచ్చు. "లేదు," అన్నాను.

"టిక్కెట్టేవు."

"ఎట్టేను. తప్పు."

"అది తిరగదు నాన్న. ఎక్కడ ఒగ్గీస్తే అక్కడే కూకుంటాది. మనం ఒస్తామని."

ఐదు రోజులు దేశమంతా తిరిగాను. అది మాత్రం నేను వదిలేసిన అంచు దగ్గర, నేను తలెత్తి చూడని ఒకేఒక్క చోట, కూర్చునే ఉంది.

మీటల డబ్బా ఆ పిల్లకి అందించబోయాను. తీసుకోలేదు.

"నువ్వే ఎల్లాలి. ఒగ్గీసింది నువ్వు."

వెళ్ళాను. నా పక్కన మంచం మీద కూర్చుంది, ఒక్క మాట సాయం చెప్పలేదు. మొదటిసారి రాళ్ళ దగ్గర పడ్డాను. రెండోసారీ పడ్డాను. మూడోసారి ఆగాను. చెవి రిక్కించాను. రాయి దొర్లే ముందు సన్నగా ఇసక రాలే చప్పుడు ఉంది. ఇన్ని రోజులూ ఆ చప్పుడు నా చెవికి పట్టలేదు, ఎందుకంటే నేను వినలేదు, అటూ ఇటూ ఈల వేసుకుంటూ పోయాను. వింటూ, ఆగుతూ, రాళ్ళు దాటాను. వంతెన ఎక్కాను. ఒక్కో చెక్కా చూసుకుంటూ అవతలికి చేరాను.

అది అక్కడే ఉంది. అంచున, లోయలోకి చూస్తూ. డొక్కలు అంటుకుపోయాయి. మట్టిరంగు ఒళ్ళు వానకి తడిసి నల్లబడిపోయింది. అది ఆటే, దీపాల వెలుగుతో గీసిన బొమ్మే, నాకు తెలుసు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అదీ నాకు తెలుసు.

ఈల వేశాను. తల తిప్పి చూసింది. లేవలేదు. ఆటలో పిల్లని గొంతుక్కూర్చోబెట్టి చెయ్యి చాపాను. చాలాసేపటికి లేచి, చేతికి అందనంత దూరంలో ఆగింది. తిండి కింద పెట్టి వెనక్కి జరిగాను. అప్పుడు తిన్నది. ఇంటిదారి పట్టాం. తిరిగి చూస్తే వెనకాల, దూరంగా, ఇరవై అడుగుల్లో నడుస్తోంది.

"మొదటికొచ్చీసింది," అంది మా అమ్మాయి. కోపంగా అనలేదు. ఉన్నమాట చెప్పినట్టు అంది.

"మల్లీ దగ్గరికి తెస్తాను."

"ఆరు నెల్లు పడతాది."

"పడనీ."

తెర మీద కుక్కనే చూస్తూ అడిగింది. "నీకు సెలవు ఇంకెన్నాళ్ళుంది నాన్న?"

"పది రోజులు."

వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకుంది. తర్వాత నా వైపు తిరిగి, "సాలదు," అంది.

కుక్క గురించి అన్నదో, దేని గురించి అన్నదో నేను అడగలేదు. నాలుగేళ్ళుగా రెస్టు రోజున వచ్చి, తిని, పడుకుని వెళ్ళిపోయిన వాణ్ణి. నేను వదిలేసి బండెక్కిన స్టేషన్లోనే ఈ పిల్ల ప్రతి వారమూ ఉండిపోయిందని ఆ రోజే తట్టింది. సిగ్గు వేసింది. పిండికట్టు కాలిని స్టూలు మీదినుంచి దించి, ఒక తెల్ల కాగితం ఇవ్వమన్నాను.

రాయగడ గ్యాంగుకి బదిలీ చెయ్యమని అర్జీ రాశాను. కొండల లైన్లో కీమాన్‌ననే గర్వంతో ఎన్నాళ్ళుగానో రాయని అర్జీ అది. గ్యాంగులో మళ్ళీ కంకర ఎత్తాల్సి వస్తుందని నాకు తెలుసు. మా ఆవిడ ఆఫీసునుంచి వచ్చి, నా భుజం మీదుగా చదివింది. కారణం అన్న చోట నేను రాసింది చూసి, ఇలాంటి కారణానికి ఎవులిస్తారు బదిలీ, ఒంట్లో బాగోలేదని రాయండి అంది. మార్చలేదు. నడవని కిలోమీటరుకి ఒకసారి టిక్కు పెట్టాను, చాలు. మా అమ్మాయికి పన్నెండేళ్ళు అని రాశాను. అదే కారణం. తిప్పి పంపితే మళ్ళీ అదే రాస్తాను.